పాత స్పెక్ట్రమ్‌కు కొత్త మెమరీ: అమరిక బెడిసినప్పుడు

1982 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరానికి చెందిన సింక్లెయిర్ సంస్థ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరును విడుదల చేసింది. 16కె మెమరీ గల యంత్రం వెల 125 పౌండ్లు, 48కె గలదాని వెల 175 పౌండ్లు. ఆ యాభై పౌండ్లు భారమైన కుటుంబాలు చిన్నదానినే కొని, తరువాత చిప్పులు చేర్చి పెద్దదిగా మార్చుకునేవి. పాత యంత్రాలపై మక్కువ గలవారు నేటికీ అదే మార్పునకు పూనుకుంటారు. అది ఫలించనప్పుడు తొందరపడి చిప్పులన్నిటినీ పీకివేస్తే, టంకపు వేడికి బోర్డులోని రాగి గీతలు లేచిపోయి, ఉన్న 16కె కూడా దక్కదు.

ఈ మార్పునకు ఎనిమిది మెమరీ చిప్పులు, వాటిని నడిపే నాలుగు చిన్న చిప్పులు అవసరం. ప్రతి బైటులోని ఎనిమిది బిట్లను ఎనిమిది చిప్పులు తలా ఒకటి చొప్పున దాచుకుంటాయి. నాడు వాడిన 4532 రకం చిప్పు నిజానికి సగం చెడిన 64కె చిప్పు. సగం చవుడు పట్టిన చేనులో మంచి సగాన్నే సాగు చేసినట్లు, బాగున్న సగాన్నే వాడుకున్నారు. ఏ సగం మంచిదో బోర్డుపై ఒక చిన్న తీగ ముక్కతో తెలపాలి. ఎనిమిది చిప్పులకూ ఒకే సగం మంచిదై ఉండాలి. ఆ తీగ మరచినవారికి ఒకసారి సరిగా, మరొకసారి తప్పుగా జవాబు వస్తుంది. మనిషిని విసిగించే లోపం ఇదే.

యంత్రం తెరపై అసలేమీ చూపకపోతే మొదట విద్యుత్తును కొలవాలి. పాత 16కె భాగంలోని 4116 చిప్పులకు 5, 12, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. మైనస్ 5 లేకుండా 12 మాత్రమే అందితే అవి చనిపోతాయి. కనుక మైనస్ 5 కనిపించని మరుక్షణమే ఆపివేయాలి. కొత్త చిప్పులకు 5 వోల్టులు చాలు. అయితే వాటికి 5 వోల్టులు 8వ కాలిపై, భూమి 16వ కాలిపై ఉంటాయి. పక్కనున్న చిన్న చిప్పులలో ఇది సరిగ్గా తలకిందులు. ఆ అలవాటుతో మీటరు పెట్టినవారు చిప్పు తిరగబడిందని పొరబడి, సరిగా ఉన్నదానిని నిజంగానే తిప్పి కాల్చివేస్తారు.

యంత్రం మామూలుగా తెరుచుకుంటే సగం దిగులు తీరినట్లే. ప్రారంభంలో అది మెమరీ అంతటా రాసి, కింది నుంచి చదువుతూ పోయి, జవాబు తప్పిన చోటే మెమరీ ముగిసిందని భావిస్తుంది. అందువలన చెడిన 48కె యంత్రం పైకి చక్కని 16కె యంత్రంలా నటిస్తుంది. ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని అడిగితే గుట్టు తెలుస్తుంది. 65535 వస్తే మార్పు ఫలించింది. 32767 వస్తే కొత్త మెమరీ మొదటి గడిలోనే తప్పింది. మధ్య సంఖ్య వస్తే అక్కడికి దగ్గరలో ఒక గడి చెడిందన్నమాట.

32767 వచ్చినప్పుడు పోక్ 32768, 255 అని రాసి, పీక్‌తో తిరిగి చదవాలి. 255కు బదులు 247 వచ్చిందనుకుందాం. తేడా 8. బిట్ల విలువలు వరుసగా 1, 2, 4, 8 కనుక లెక్క నాలుగో బిట్టును చూపుతుంది. బడిపిల్లవాడైనా చేయగల ఈ తీసివేత ఎనిమిది చిప్పులలో దోషిని పట్టిస్తుంది. సున్న రాసినప్పుడు 8 వచ్చినా ఆ చిప్పునో దాని టంకాన్నో అనుమానించాలి. ఏది రాసినా 255 వస్తుంటే మాత్రం మెమరీ చిప్పులను వదిలి, వాటిని నడిపే నాలుగింటిని చూడాలి.

మరొక తిప్పలు చిరునామాది. తరగతిలో వరుస, ఆ వరుసలో స్థానం చెప్పి పిల్లవాడిని పిలిచినట్లు, 74ఎల్‌ఎస్157 చిప్పులు రెండు ప్రతి చిరునామాను రెండు ముక్కలుగా అందిస్తాయి. 32768లో 1, 49152లో 2 రాసి, మొదటిదానిని చదివితే 2 వస్తే రెండు చిరునామాలూ ఒకే గడికి పోతున్నట్లు. అప్పుడు ఆ రెండు చిప్పుల కాళ్లను, టంకాన్ని భూతద్దంతో పరీక్షించాలి.

లోపం దొరికాక ఆ ఒక్క చిప్పునే మార్చి, 65535 వచ్చినా వెంటనే మూత బిగించరాదు. ఒక అరగంట నడవనిచ్చి మళ్లీ అడగాలి. కొన్ని చిప్పులు వేడెక్కిన తరువాతే తప్పుతాయి.