ధాన్యం లెక్కకు ముందు నీటి లెక్క

2023 జులై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతులను నిషేధించింది. ఆ వార్త తెలియగానే అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు తెలుగువాళ్లు బారులు తీరారు. సోనా మసూరి బస్తాలు చూస్తుండగానే ఖాళీ అయ్యాయి. కొన్ని దుకాణాలు మనిషికి ఇన్ని బస్తాలేనని పరిమితి పెట్టాయి. వాళ్లకు అది కొన్నాళ్ల ఇబ్బంది మాత్రమే. దిగుమతి బియ్యం మీద బతికే పశ్చిమ ఆఫ్రికా పేదలకు మాత్రం అది కంచంలో ముద్ద తగ్గించే దెబ్బ. ఆగస్టు నాటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) బియ్యం ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బియ్యానికి గరిష్ఠ ధర అమలు చేయాల్సి వచ్చింది.

నిషేధానికి కారణం దేశంలో ధరలు పెరుగుతాయన్న భయం. ఆ భయాన్ని పెంచింది వాన తీరు. ఎల్‌నినో ముంచుకొస్తోందన్న హెచ్చరికలు అప్పటికే ఉన్నాయి. ఆ ఆగస్టులో దేశవ్యాప్తంగా వర్షపాతం 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం వాటా భారత్‌దే కాబట్టి, ఇక్కడ మబ్బు ముఖం చాటేస్తే అక్కడెక్కడో పొయ్యి మీద ఎసరు తగ్గుతుంది.

ప్రభుత్వాలు గోదాముల్లోని ధాన్యాన్ని టన్నుల్లో లెక్కపెట్టుకుంటాయి. ఆ ధాన్యాన్ని పండించే నీటికి అంత శ్రద్ధగా లెక్క చూసేవారు అరుదు. ఆహార భద్రతకు అసలు ముప్పు ఆ నిర్లక్ష్యంలోనే ఉంది.

పంటకు ఇంత నీరు ఎందుకు కావాలో ముందు తెలుసుకోవాలి. మొక్క ఆహారం తయారుచేసుకోవాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆకులోకి చేరాలి. దానికి దారి ఆకు మీది పత్రరంధ్రాలు. అవి తెరిచి ఉన్నంతసేపూ ఆకులోని తేమ ఆవిరై బయటికి పోతూనే ఉంటుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల వంతుల్లో నాలుగు వంతులకు కాస్త ఎక్కువ, అంతే. ఆకు లోపల మాత్రం తేమ నిండుగా ఉంటుంది. అందుకే లోపలికి వచ్చే ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకు బదులుగా వందల నీటి అణువులు బయటికి పోతాయి. వేళ్లు పీల్చుకున్న నీటిలో 97 శాతానికి పైగా ఈ బాష్పోత్సేకంలోనే ఖర్చవుతుంది. దీన్ని దుబారా అనలేం. కిరణజన్య సంయోగక్రియకు మొక్క చెల్లించే మూల్యం ఇది. ఎంత మేలైన వంగడమైనా దీన్ని కొంత తగ్గించగలదే గాని పూర్తిగా తప్పించుకోలేదు. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మొక్కజొన్నలకు కార్బన్ డయాక్సైడ్‌ను ఆకులో ఒకచోట సాంద్రపరచుకునే అదనపు ఏర్పాటు ఉంది. అందుకే అవి పత్రరంధ్రాలను అంతగా తెరవకుండానే పని కానిస్తాయి. వరికి, గోధుమకు ఆ వెసులుబాటు లేదు.

వరి మడిలో నిలిచిన నీరు ఆవిరవుతుంది, నేలలోకీ ఇంకుతుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం కిలో వడ్లకు సగటున 2,500 లీటర్ల నీరు, వాన అయినా కాలువ అయినా, పొలానికి అందాలి. 25 కిలోల బియ్యం బస్తాకు సుమారు 37 కిలోల వడ్లు ఆడించాలి. అంటే ఆ ఒక్క బస్తా వెనుక 90 వేల లీటర్ల పైచిలుకు నీరుంది. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే పద్దెనిమిది. అందులో ఇంకిన నీరు కొంత మళ్లీ భూగర్భానికి చేరుతుంది. ఆవిరైన నీరు మాత్రం ఆ ఊరికి మళ్లీ దక్కుతుందన్న హామీ లేదు.

మనిషి నదుల నుంచి, భూగర్భం నుంచి తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతోంది. భారత్‌లో ఆ వాటా సుమారు 90 శాతం. ప్రపంచ సాగుభూమిలో నీటి వసతి ఉన్నది అయిదో వంతే అయినా, ఆహారంలో దాదాపు 40 శాతం ఆ భూమి నుంచే వస్తోంది. ఆ కొద్దిపాటి మాగాణి కింద నీరు తరిగితే ప్రపంచం మొత్తానికీ తిండి తరుగుతుంది.

సౌదీ అరేబియా అనుభవం ఇందుకు గట్టి ఉదాహరణ. గోధుమలో స్వయంసమృద్ధి సాధించాలని ఆ దేశం 1980లలో రైతులకు భారీ రాయితీలిచ్చి, వేల ఏళ్ల కిందట భూమి పొరల్లో చేరిన నీటిని తోడి ఎడారిలో పంట పండించింది. గోధుమ ఎగుమతి చేసే దేశాల వరుసలోకి కూడా చేరింది. అయితే ఆ నీటిని తిరిగి నింపే వానలు అక్కడ లేవు. 2008లో ప్రభుత్వం ఆ విధానాన్ని విరమించుకుంది. 2016 నాటికి స్థానిక గోధుమ కొనుగోలును ఆపేసింది. గోదాములు నిండుతున్న ఆ ఏళ్లన్నిటా అడుగున నీరు అడుగంటుతూనే ఉంది.

మన దేశంలోనూ ఇలాంటి హెచ్చరిక ఆకాశం నుంచే వచ్చింది. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఒకదాని వెనుక ఒకటి తిరుగుతూ, తమ మధ్య దూరంలో వచ్చే అతి సూక్ష్మమైన మార్పులను బట్టి కింద భూమి ఆకర్షణ ఎంత మారిందో కొలిచాయి. నేల అడుగున నీరు తగ్గితే ఆ మేరకు ఆకర్షణా తగ్గుతుంది. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిందని 2009లో నేచర్ పత్రికలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. నాగార్జునసాగర్ జలాశయాన్ని పన్నెండుసార్లు నింపగల నీరది. దేశమంతటా చౌక దుకాణాలకు వెళ్లే ధాన్యంలో పెద్ద వాటా ఆ నేలదే. జూన్ 10కి ముందు వరినాట్లు వేయరాదంటూ 2009లో పంజాబ్ చట్టమే చేసింది. అయినా అక్కడ భూమిలోకి ఇంకేదానికన్నా తోడేదే నేటికీ ఎక్కువ.

తెలంగాణ, రాయలసీమల కష్టం వేరు. పంజాబ్ కింద లోతైన ఒండ్రు పొరలున్నాయి. మన కింద ఉన్నది చాలావరకు గట్టి రాయి. పైన శిథిలమైన పొరలోను, రాతి పగుళ్లలోను తప్ప నీటికి చోటు లేదు. ఆ పొర తన ఘనపరిమాణంలో రెండు శాతం నీరిస్తుందనుకుంటే, నేల మీద రెండు సెంటీమీటర్ల మందాన పరిచేటంత నీరు తోడినా అడుగున నీటిమట్టం ఒక మీటరు పడిపోతుంది. యాసంగి వరికి 120 సెంటీమీటర్ల దాకా నీరు పెట్టాల్సి వస్తుంది. కొంత తిరిగి ఇంకినా, ఒక ఎకరం వరి చుట్టుపక్కల పొలాల కింది నీటిని కూడా లాగేస్తుంది. పక్క బోరు ఎండుతుంది. ఆ రైతు అప్పు చేసి ఇంకా లోతుకు వేయిస్తాడు. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి గాని నీరు పెరగదు. అయితే ఈ నేలకు ఒక మేలూ ఉంది. మంచి వాన పడి చెరువులు అలుగు పోస్తే ఆ పొర అంతే త్వరగా నిండుతుంది. కాబట్టి ఏటా ఎంత చేరిందో కొలిచి, అంతలోనే పంట వేసుకోవడం ఇక్కడ సాధ్యమైన పని.

ఆ పని జరిగింది కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్ఏఓ తోడ్పాటుతో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం సహా ఏడు కరవు జిల్లాల్లో, వందల గ్రామాల్లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల యాజమాన్య పథకం నడిచింది. రైతులే, మహిళలతో సహా, వానమానిని చూసి చినుకు కొలిచారు. పరిశీలన బావుల్లో టేపు దించి నీటిమట్టం రాసుకున్నారు. ఖరీఫ్ ముగిశాక ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, రబీలో వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయాలని ఎవరూ ఆదేశించలేదు. లోటు కళ్లకు కనబడ్డాక పలు గ్రామాల్లో రైతులు తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

వరి తప్పనిచోట కూడా పొదుపుకు దారి ఉంది. అడుగు పొడవున్న ప్లాస్టిక్ గొట్టానికి చుట్టూ రంధ్రాలు చేసి, సగం మడిలోకి దిగేలా పాతి, లోపలి మట్టి తీసేస్తే అదే నీటి కొలమానం. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగువకు పోయేదాకా ఆగి, అప్పుడు తడి ఇవ్వవచ్చు. పూత దశలో మాత్రం మడిలో పలచగా నీరు నిలపాలి. ఈ పద్ధతిలో 30 శాతం దాకా నీరు ఆదా అవుతుందని వరి పరిశోధన సంస్థ చెబుతోంది. నిలవ నీటిలో పుట్టే మీథేన్ కూడా బాగా తగ్గుతుంది.

అయితే ఈ బాధ్యతను రైతు భుజాల మీద వదిలేయడం అన్యాయం. వడ్లను మద్దతు ధరకు కొనే కేంద్రం ఊరూరా ఉండి, జొన్నలకు, కందులకు, వేరుసెనగకు ఆ భరోసా లేకపోతే ఏ రైతయినా వరే వేస్తాడు. ఉచిత విద్యుత్తు అతనికి ఊరట, నిజమే. ఎంత నీరు తోడామన్న లెక్క మాత్రం అందులో ఎక్కడా ఉండదు. కొనుగోలు భరోసాను నీటిని పొదుపు చేసే పంటలకు విస్తరించాలి. ఊరి నీటి పద్దును పంచాయతీ స్థాయిలో ఏటా బహిరంగంగా ప్రకటించాలి. చెరువుల పూడిక తీసి, వాన నీటిని నేలలోకి ఇంకించాలి. పండిన పంట వృథా కాకుండా నిల్వ వసతులు పెంచాలి. ప్రపంచంలో పండే ఆహారంలో మూడో వంతు దాకా వృథా అవుతోందని ఎఫ్ఏఓ 2011లో అంచనా వేసింది. పారేసిన ప్రతి ముద్దతోపాటు దాన్ని పండించిన నీరూ పోయినట్టే.

ఎఫ్ఏఓ తదితర సంస్థల లెక్కల ప్రకారం 2023లో ఆకలితో ఉన్నవారు దాదాపు 73 కోట్ల మంది. వాళ్లకు తిండి అందాలంటే నేడు పండిన పంట ఒక్కటే చాలదు, వచ్చే ఏడూ, పదేళ్ల తర్వాతా అదే నేల పండగలగాలి. కనుక ఏ దేశమైనా తన ఆహార భద్రతను ప్రకటించేటప్పుడు గోదాములో ఎన్ని టన్నులున్నాయన్న ప్రశ్న పక్కనే, ఆ టన్నులు పండించడానికి భూమి నుంచి ఎంత తీసుకున్నాం, ఎంత తిరిగి చేర్చామన్న ప్రశ్నకూ జవాబు చెప్పాలి. అనంతపురం రైతులు చేసి చూపిన లెక్క అది. ప్రభుత్వాలు చేయలేనిదేమీ కాదు.