ఆటలాడు బిడ్డలు – తల్లిదండ్రుల మనశ్శాంతి

పాఠశాలల మధ్య ఆటల పోటీలు వచ్చినవనగా మన తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములందలి తెలుగు కుటుంబములలో క్రొత్త సందడి పుట్టును. దానివెంట క్రొత్త దిగులును ప్రవేశించును. బిడ్డ గెలుచునా? దెబ్బ తగులునా? చదువు చెడునా? క్రీడల కోటాలో సీటు వచ్చునా? బూట్లకు, ప్రయాణమునకు పైకము ఎక్కడిది? ఈ ప్రశ్నలతో నిదుర మానిన తల్లిదండ్రులను మేము ఎరుగుదుము. ఆ దిగులు ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు అదుపులో నుంచుకొనవలెనో ఇచట వివరింతుము.

ఆట చూచువారి గుండె దడదడలాడుట వింత కాదు. అపాయము తోచినంతనే మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును; ఊపిరి హెచ్చును; నోరు ఎండును. ఆడువానికి ఈ ఉద్వేగము పరుగులో వ్యయమగును. గట్టున కూర్చున్నవానికి ఆ దారి లేదు గనుక అది కేకగా, కోపముగా వెలువడును. అప్పుడు బిడ్డ బంతిని చూడవలసిన కన్నులతో తండ్రి ముఖమును చూచును.

బిడ్డ గెలుపును మన పరువుగా లెక్కించుటయే ఈ దిగులుకు ముఖ్యమైన మూలము. మొక్కై వంగనిది మ్రానై వంగునా యని పెద్దలు అందురు. నిజమే. కాని వంచుట వేరు, విరుచుట వేరు.

పి. వి. సింధు తల్లిదండ్రులిద్దరును వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులోనివారు. అయినను కుమార్తె బ్యాడ్మింటన్‌ను ఎన్నుకొనగా ఆమెకు తోడు నిలిచిరి. ఆమె 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతము, 2021లో టోక్యోలో కాంస్యము సాధించినది.

మదరాసు నగరపు తెలుగు కుటుంబమున 2006లో జన్మించిన గుకేశ్ 2019 జనవరిలో చదరంగమున గ్రాండ్‌మాస్టర్ అయ్యెను. అప్పటికి వయస్సు 12 ఏండ్ల 7 నెలల 17 దినములు. కేవలము 17 దినములలో ప్రపంచ రికార్డు తప్పిపోయినది. అంతటితో అతని భవిష్యత్తు ముగిసినదా? 2024 డిసెంబరులో, 18 ఏండ్ల ప్రాయమున, సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యెను. కొడుకు వెంట తిరుగుటకు వైద్యుడైన తండ్రి తన వృత్తిని ఆపుకొనగా తల్లి సంపాదన ఇంటిని నిలిపినది. ఇట్టి త్యాగము అందరికిని సాధ్యము కాదు, అవసరమును కాదు. అప్పుచేసి ఆ బరువును బిడ్డ భుజములపై మోపుట తగదు.

ఆచరింపదగినవి కొన్ని కలవు. ఏటికి ఆటకై ఎంత వెచ్చింపగలమో ముందుగనే నిర్ణయించుకొనవలెను. పోటీనాడు గెలిచి రమ్మనుటకు మారుగా మనసారా ఆడి రమ్మనవలెను. ఆట నేర్పు బాధ్యతను వ్యాయామోపాధ్యాయునికే విడువవలెను. గట్టునుండి వేరొక ఆజ్ఞ వినవచ్చిన బిడ్డ తికమకపడును. గుండె దడ హెచ్చినపుడు ఊపిరిని మెల్లగా, దీర్ఘముగా విడిచిన అది నెమ్మదించును. ఓడి వచ్చిన బిడ్డకు ముందు అన్నము పెట్టవలెను; తప్పుల విచారణ మరునాటికి వాయిదా వేయవచ్చును. పొరుగింటి బిడ్డతో పోల్చరాదు. పబ్లిక్ పరీక్షల యేడు సాధన వేళలను ఉపాధ్యాయులతో కలిసి ఏర్పరచుకొనవలెను.

విద్యార్థులారా, మీకును ఒక మాట. దెబ్బ తగిలినను, భయము కలిగినను దాచక ఇంట చెప్పుడు. తెలియని దానికే తల్లి ఎక్కువ తల్లడిల్లును.

పతకములు కొందరికే దక్కును. దృఢమైన శరీరము, ఓటమిని ఓర్చు గుండె ఆడిన ప్రతి బిడ్డకును దక్కవచ్చును. ఆ లాభమును మన ఆతురతచే పోగొట్టకుందుము గాక.