లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్: ఆ డబ్బు వెనక్కి అడగొచ్చా?

కర్నూలులో ఉండే మా మామూ చెల్లెలి పెళ్లి కోసం 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నారు. ఖాతాలో పడింది 4,74,000. మిగతా 26 వేలు ఏమైంది అని అడిగితే "ప్రాసెసింగ్ చార్జీలు, అంతా కలిపి" అన్నారట. పెళ్లి పనుల్లో ఎవరు పట్టించుకుంటారు? పదకొండు నెలల తర్వాత ఏదో పని మీద లోన్ స్టేట్‌మెంట్ నా చేతికి వచ్చింది. అందులో 18 వేలు "ఇన్సూరెన్స్ ప్రీమియం" అని ఉంది. నేను బీకాం చదివాను కాబట్టి గబుక్కున కంటపడింది, లేకపోతే నేనూ వదిలేసేవాణ్నే. మామూని అడిగితే "నేను ఇన్సూరెన్స్ తీసుకోలేదు బేటా" అన్నారు.

దీన్నే లోన్ ప్రొటెక్షన్ పాలసీ అంటారు. లోన్ తీసుకున్న మనిషి చనిపోతే బాకీని బీమా కంపెనీ కడుతుంది. వస్తువు చెడ్డది కాదు, ఇంటికి ఒక్కరే సంపాదించే చోట పనికొస్తుంది కూడా. కానీ మనకు చెప్పకుండా, ఇరవై సంతకాల మధ్య ఒక సంతకం తీసుకుని అంటగట్టడం వేరే సంగతి. బీమానే వద్దనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వాళ్లకు తెలియకుండానే వాళ్ల పేరు మీద పాలసీ నడుస్తుంటుంది.

ఇంగ్లాండ్‌లో ఇదే వ్యవహారం పెద్ద గొడవ అయ్యింది. అక్కడి బ్యాంకులు లోన్లకు, కార్డులకు తగిలించిన బీమా మీద కస్టమర్లకు 38 బిలియన్ పౌండ్లకు పైగా తిరిగి చెల్లించాయి. ఫిర్యాదుకు చివరి తేదీ 2019 ఆగస్టు 29. లండన్‌లో ఉన్న మన బంధువులు ఎవరైనా "నాకూ వస్తుందా" అని అడిగితే ఆ గడువు ఎప్పుడో దాటిపోయిందని చెప్పండి. మన దేశంలో అలా ఒకేసారి అందరికీ ఇచ్చింది లేదు. ఎవరి ఫిర్యాదు వాళ్లే పెట్టుకోవాలి.

ముందు లెక్క చూడండి. ప్రీమియం 18 వేలేగా అనుకుంటాం. కానీ అది లోన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి దాని మీద కూడా వడ్డీ పడుతుంది. 14 శాతం వడ్డీ, 5 ఏళ్ల గడువు అనుకుంటే ఆ 18 వేల వాటాగా నెలనెలా ఈఎంఐలో సుమారు 419 రూపాయలు పోతాయి. మొత్తం 25 వేలు దాటుతుంది. అంటే మన చేతికి రాని డబ్బుకు మనం ఏడు వేలకు పైగా వడ్డీ కడుతున్నాం.

మీ ఇంట్లో పాత లోన్ కాగితాలు ఉంటే ఈరోజే తీయండి. శాంక్షన్ లెటర్‌లో రాసిన మొత్తానికి, ఖాతాలో పడిన మొత్తానికి తేడా ఎంతో చూడండి. 2024 అక్టోబర్ 1 తర్వాత మంజూరైన లోన్ అయితే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం తప్పకుండా ఇచ్చి ఉండాలి. బీమా చార్జీ అందులో విడిగా కనిపించాలి. అందులో చూపించని చార్జీని మీ స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నియమం. బస్తీల్లో మన ఆపాలు తీసుకునే మైక్రోఫైనాన్స్ లోన్లకూ ఇలాంటి రూలే ఉంది. బీమా లాంటివి పూర్తి సమ్మతితోనే ఇవ్వాలి, దాని ఫీజు ఎంతో లోన్ కార్డులోనే రాయాలి. ఆ కార్డు ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది, వెతకండి.

లోన్ కావాలంటే మేం చెప్పిన కంపెనీ బీమానే తీసుకోవాలని బ్యాంకు బలవంతం చేయకూడదు. హోమ్ లోన్‌లో ఇంటికి బీమా ఉండాలని షరతు పెట్టొచ్చు. అప్పుడు కూడా ఏ కంపెనీది అనేది మీ ఇష్టం.

లోన్ కొత్తదైతే పని సులువు. పాలసీ కాగితం చేతికొచ్చిన 30 రోజుల లోపు నచ్చలేదని రద్దు చేసుకునే వీలుంటుంది, దాన్ని ఫ్రీ లుక్ అంటారు. కవర్ ఉన్న రోజులకు కొంత, స్టాంప్ ఖర్చులు కొంత తగ్గించి మిగతాది ఇస్తారు. లోన్ ముందే తీర్చేసినవాళ్లు కూడా పాలసీ నియమాలు చదవాలి. చాలా పాలసీల్లో సరెండర్ చేస్తే మిగిలిన కాలానికి కొంత డబ్బు వస్తుంది. మనం అడిగితే తప్ప ఎవరూ ఇవ్వరు.

మామూ విషయంలో 30 రోజులు ఎప్పుడో అయిపోయాయి. అందుకని బ్యాంకుకు ఒక లెటర్, బీమా కంపెనీకి ఒక లెటర్ రాశాం. నాకు ఈ పాలసీ గురించి చెప్పలేదు, నేను అడగలేదు, ప్రీమియం, దాని మీద పడిన వడ్డీ వెనక్కి ఇవ్వండి, నేను సంతకం పెట్టానంటున్న ప్రపోజల్ ఫారం కాపీ పంపండి అని. ఆ చివరి మాటే పనిచేసింది. బ్యాంకు మొదట "మీరే సంతకం పెట్టారు" అంది. ఫారం కాపీ వచ్చాక చూస్తే అందులో ఫోన్ నంబర్ మామూది కాదు. "ఏ జబ్బూ లేదు" అని రాసి ఉంది, మామూకి పదేళ్లుగా షుగర్! రేపు ఏమన్నా అయితే, జబ్బు దాచారని క్లెయిమ్ తిప్పికొట్టడానికి ఆ ఒక్క మాట చాలు.

బీమా కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, కాదన్నా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాది లోపు పెట్టాలి, ఇది మర్చిపోవద్దు. అంబుడ్స్‌మన్ తీర్పు కంపెనీ పాటించి తీరాలి. అంతకంటే ముందు బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. తప్పు బ్యాంకుదైతే, 30 రోజుల్లో వాళ్లు సరిచేయకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, నంబర్ 14448. వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది కానీ సమస్య మొదలైన రెండేళ్ల లోపు వెళ్లాలి. లెటర్ చేత్తో ఇస్తే కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని లెటర్ ఇచ్చినట్టే కాదు.

మామూ ఫిర్యాదు అంబుడ్స్‌మన్ దగ్గర పెట్టాక, వాయిదా రాకముందే కంపెనీ పాలసీ రద్దు చేసి 18 వేలు లోన్ ఖాతాలో జమ చేసింది. వడ్డీ మాత్రం బ్యాంకు ఇంకా ఇవ్వలేదు, దాని మీద రాస్తూనే ఉన్నాం.

ఒక జాగ్రత్త. "మీ పాలసీ డబ్బు ఆగిపోయింది, ఇంత కడితే విడుదల చేస్తాం" అని ఫోన్లు వస్తాయి. బీమా నియంత్రణ సంస్థ పేరు కూడా వాడతారు. ఆ సంస్థ అలా ఫోన్లు చేయదు. సగం మాకిస్తే రీఫండ్ తెప్పిస్తాం అనేవాళ్లనూ నమ్మొద్దు, పైన చెప్పిన అంబుడ్స్‌మన్ ఫిర్యాదులకు రూపాయి ఖర్చు లేదు.

ఇంకో మాట, ఇది రీఫండ్ కంటే పెద్దది. ఇంట్లో లోన్ తీసుకున్న మనిషి ఇంతకాల్ అయి, భార్యో పిల్లలో ఈఎంఐలు కడుతున్న ఇళ్లు ఉన్నాయి. ఆ లోన్‌కు ఇలాంటి పాలసీ ఉందేమో ముందు చూడండి. ఉంటే మిగిలిన బాకీ బీమా కంపెనీ కట్టాల్సింది. స్టేట్‌మెంట్‌లో ప్రీమియం లైన్ కనిపిస్తే డెత్ సర్టిఫికెట్‌తో క్లెయిమ్ పెట్టండి. ఆలస్యమైందని ఊరుకోవద్దు, కారణం రాసి ఇవ్వండి. జబ్బు దాచారని తిప్పికొడితే పాలసీ మొదలైన తేదీ చూడండి. జీవిత బీమా అయితే, మూడేళ్లు నిండాక ఆ కారణంతో పాలసీని ప్రశ్నించకూడదని బీమా చట్టం సెక్షన్ 45 చెబుతోంది. ఆ సెక్షన్ పేరు లెటర్‌లో రాయండి.