పాత వీడియో ఆటలు – అభిమానుల కృషి

మొగల్తూరువంటి గోదావరి గ్రామములలో అరుగుపై పులిజూదమాడిన తాతకును, చేతిఫోనులో టెట్రిస్ ఆడు మనుమనికిని పొత్తు లేదని తోచును. పాత వీడియో ఆటలను మెచ్చువారు గతమును తలచి మురియువారు మాత్రమే యని కొందరి మతము. ఇది విచారణకు నిలువదని మా అభిప్రాయము.

1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ నిర్మించిన టెట్రిస్‌లో చిత్రశోభ లేదు. పులిజూదములో సాధారణముగా 3 పులులు, 15 మేకలు. పులికి దుమికి చంపు బలము, మేకలకు కూడి కట్టివేయు బలము. రెంటను ప్రాణము నియమమే గాని అలంకారము కాదు.

పాతదానిపై ప్రీతి క్రొత్తదానికి అడ్డమనుటయు సరికాదు. 1996 నాటి హార్వెస్ట్ మూన్‌పై మక్కువతో ఎరిక్ బరోన్ నాలుగేండ్లకు పైగా ఒంటరిగా శ్రమించి, చిత్రములు, సంగీతము, కథ తానే కూర్చి, 2016లో స్టార్‌డ్యూ వ్యాలీని వెలువరించెను. స్వతంత్ర నిర్మాతలలో పలువురు ఇట్టి అభిమానులే.

అయితే మూలములు నిలుచునా? అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 అంగడిలో లభింపవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించెను. యంత్రము చెడినచో ఆటయు నశించును. అభిమానులు వానిని క్రొత్త యంత్రములపై ఆడునట్లు చేయుచున్నారు. హక్కుల చిక్కు లేకపోలేదు. కాని కడపలో బ్రౌను లేఖకులచే తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించిన కృషికి ఇది సజాతీయము.

పులిజూదపు గీతలు సుద్దతో గీసినవి, వానకు చెరిగిపోవును. వాని నియమములను, ఊరూరి పాఠభేదములను, ఎరిగిన పెద్దలుండగానే వ్రాసికొనుట మన విద్యార్థుల విధి.