దసరా డబ్బుతో కెమేరా కొంటున్నారా? చిన్నదా... పెద్దదా?

సింగరేణి లాభాల వాటా బ్యాంకులో పడిందంటే చాలు, గోదావరిఖని, రామగుండం, యైటింక్లయిన్ కాలనీ... ఎవరింటికి వెళ్ళినా ఒకటే ముచ్చట. చిట్టీ బాకీ తీరుద్దామా, తులం బంగారం కొందామా, పిల్లల ఫీజు కడదామా అని. 2024 సెప్టెంబరులో కార్మికులకు 796 కోట్ల రూపాయలు పంచుతామని ప్రకటించినప్పుడూ ఇవే లెక్కలు. సంవత్సరమంతా ఆయన బాయిలో చెమటోడ్చిన డబ్బు కదా, ఒక్క రూపాయి వృథా అయినా మన ప్రాణం ఒప్పుకోదు.

ఈమధ్య ఆ జాబితాలో ఇంకొకటి చేరింది. కాలేజీ చదువు అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న అబ్బాయో, చదువుకుంటున్న అమ్మాయో మెల్లగా పక్కన చేరి, "అమ్మా, కెమేరా కొనిపెట్టవా?" అంటారు. సరేనని అడిగి చూస్తే ఒకటి మొదటి మెట్టు కెమేరా, ఒకటి పెద్ద కెమేరా. రెండూ నల్లగానే ఉంటాయి, రెంటికీ ముందు లెన్సు ఉంటుంది. ధరలో మాత్రం ఆరేడు రెట్లు తేడా! మరి ఫోటోలో కూడా ఆరేడు రెట్లు తేడా ఉంటుందా? డబ్బు తీసే ముందు అది తెలుసుకోవద్దూ!

అసలు ఈ కెమేరా కథేమిటి?

డి.ఎస్.ఎల్.ఆర్. అని పిల్లలు అనే ఈ కెమేరా లోపల ఒక చిన్న అద్దం ఏటవాలుగా ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దం మీద పడి పైకి తిరిగి మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం 'టక్'మని పైకి లేస్తుంది. వెలుతురు వెనకనున్న సెన్సరు మీద పడుతుంది. పూర్వం ఫిల్ము రీలు చేసిన పని ఇప్పుడు ఈ సెన్సరు చేస్తుందన్నమాట. చిన్న కెమేరా అయినా పెద్ద కెమేరా అయినా జరిగేది ఇదే.

1991లో కొడాక్ కంపెనీ నికాన్ పెట్టెకు తన సెన్సరు తగిలించి అమ్మినప్పుడు దాని శక్తి 1.3 మెగాపిక్సెల్ మాత్రమే. ధర సామాన్యులు ముట్టుకునేట్టు ఉండేది కాదు. 2003లో కెనాన్ 300డి వచ్చి వెయ్యి డాలర్ల లోపు ధరకు దిగాకే ఇది మామూలు ఇళ్ళలోకి నడిచొచ్చింది.

ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళు

రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకే కంపెనీవైతే పోలిక తేలిక. చెల్లెలు నికాన్ డి3500. ఇది 2018లో వచ్చింది. అక్క నికాన్ డి850. ఇది 2017లో వచ్చింది.

సెన్సరు: చెల్లెలిది 23.5 x 15.6 మిల్లీమీటర్లు. అక్కది 35.9 x 23.9, అంటే పాత ఫిల్ము ముక్క అంత. వెలుతురు పట్టే జాగా రెండు రెట్లకు పైనే.

మెగాపిక్సెల్: చెల్లెలికి 24.2, అక్కకు 45.7.

ఫోకస్ బిందువులు: చెల్లెలికి 11, అక్కకు 153. పరుగెత్తే పిల్లవాణ్ణి వెంటాడి పట్టడంలో అక్కదే పైచేయి.

వేగం: చెల్లెలు సెకనుకు 5 ఫోటోలు, అక్క 7 తీస్తాయి.

బరువు: బ్యాటరీ, కార్డుతో కలిపి చెల్లెలు సుమారు 415 గ్రాములు. అక్క కిలో పైనే!

ఫ్లాష్: చెల్లెలికి నెత్తిమీదే ఉంది. అక్కకు లేదు, విడిగా కొనాలి.

ధర: అమెరికాలో మొదట పెట్టిన ధర చెల్లెలికి లెన్సుతో సహా 500 డాలర్లు. అక్కకు లెన్సు లేకుండానే 3,300 డాలర్లు. అక్క మన దేశంలో అడుగుపెట్టినప్పుడు ధర రెండున్నర లక్షల పైమాటే.

ఇంకో సంగతి. చెల్లెలిలో 'గైడ్' అని ఒక ఏర్పాటుంది. ఏ ఫోటోకి ఏం చెయ్యాలో అదే మెట్టుమెట్టుగా చూపిస్తుంది. అక్కలో అలాంటి పూర్తి ఆటోమేటిక్ ఏర్పాట్లు లేవు. పని తెలిసినవాళ్ళ చేతికోసం చేసింది అది. రోజూ నలుగురికి వండే ఇంట్లో రెండు లీటర్ల కుక్కరు పెట్టుకుంటాం గానీ పెళ్ళి గుండిగ పొయ్యి మీదకి ఎక్కిస్తామా?

మెగాపిక్సెల్ మోజు

షాపువాడు మొదట చెప్పేది ఈ అంకె. దాన్ని మనం ఆల్బం కొలతలోకి మార్చి చూద్దాం. ఆల్బంలో 12 x 18 అంగుళాల నిండు పేజీకి ఒకే ఫోటో వేశారనుకోండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున మంచి ప్రింటు రావాలంటే 5,400 ను 3,600 తో గుణించాలి. అంటే దాదాపు 19.4 మెగాపిక్సెల్. చిన్న కెమేరా 24 దానికి సరిపోయి ఇంకా మిగిలింది!

గోడకి తగిలించే 8 x 12 ఫోటోకైతే 9 మెగాపిక్సెల్ కూడా అక్కర్లేదు. వాట్సాప్‌లో మేనత్తకి పంపే ఫోటో అయితే అది ఎలాగూ కుదించే పంపుతుంది. పగటి వెలుతురులో తీసి పంపుకోవడమే మీ పనైతే చేతిలో ఫోనే చాలు, కెమేరా మాటే వద్దు. పైగా పెద్ద కెమేరా ఫోటోలు కంప్యూటరులో దాదాపు రెట్టింపు జాగా తింటాయి. వాటిని దాచే హార్డ్ డిస్కు ఖర్చు కూడా మనదే.

బతుకమ్మ పెట్టే పరీక్ష

మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో చూసి ఏది అక్కదో ఏది చెల్లెలిదో చెప్పడం కష్టం. అసలు పరీక్ష సద్దుల బతుకమ్మ సాయంత్రం. పొద్దు గూట్లో పడింది, వీధి దీపాల వెలుతురే దిక్కు. తంగేడు, గునుగు పూల చుట్టూ ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. కదిలే మనిషి చెదరకుండా రావాలంటే కెమేరా కన్ను చటుక్కున మూయాలి. చటుక్కున మూస్తే వెలుతురు చాలదు. చాలకపోతే కెమేరా తన సెన్సరు పట్టును బలవంతంగా పెంచుతుంది. దానికే ఐ.ఎస్.ఓ. అని పేరు. ఉప్పు లాంటిదే అది. కాస్త వేస్తే రుచి, ఎక్కువైతే కూర పాడు. ఫోటో అంతా ఉప్మా రవ్వ చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది.

ఇక్కడ పెద్ద సెన్సరు గెలుస్తుంది, ఆ మాట నిజం. కానీ ఈ లెక్క చూడండి. చిన్న కెమేరాతో ఇచ్చే 18-55 లెన్సు మీద 3.5-5.6 అని రాసి ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ లెన్సు కిటికీ చిన్నదవుతుందని అర్థం. దూరపు వాళ్ళని దగ్గరికి లాక్కుంటే అది 5.6కి చేరుతుంది. అదే 50 ఎం.ఎం. 1.8 అనే చిన్న లెన్సు తగిలిస్తే, 5.6 కిటికీతో పోలిస్తే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది!

అర్థమైంది కదా? లక్షలు పెట్టి పెట్టె మారిస్తే వెలుతురు రెండు రెట్లు. దాంట్లో చిన్న భాగం పెట్టి లెన్సు మారిస్తే తొమ్మిది రెట్లు! అందుకే మొదటి మెట్టు కెమేరా కొని, మిగిలిన డబ్బులో ఇలాంటి లెన్సు ఒకటి తీసుకోవడం ఇల్లాలికి తగిన లెక్క.

అయితే రెండు జాగ్రత్తలు. ఈ లెన్సుతో దగ్గరగా తీస్తే ఒక ముఖం స్పష్టంగా, వెనకవాళ్ళు మసకగా వస్తారు. పదిమంది గుంపు ఫోటోకి ఫ్లాషే నయం. రెండోది, డి3500 లోపల ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. అందుకని లెన్సు మీద 'ఏ.ఎఫ్-ఎస్' అనో 'ఏ.ఎఫ్-పి' అనో ఉన్నదే అడగండి. పాత రకం 'ఏ.ఎఫ్-డి' లెన్సు చవగ్గా వస్తుందని తెచ్చుకుంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

మన ఊరి దుమ్ము సంగతి

ఓపెన్ కాస్టుల దగ్గర కాపురాలు మనవి. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? అదే దుమ్ము సెన్సరు మీద వాలితే ప్రతి ఫోటోలో ఆకాశం మీద నల్లచుక్క!

పెద్ద కెమేరాకి అతుకుల దగ్గర దుమ్ము, తేమ రాకుండా అడ్డుకట్టలుంటాయి. సెన్సరును తనే దులుపుకునే ఏర్పాటు కూడా ఉంది. డి3500కి ఈ రెండూ లేవు. కానీ లెన్సు విప్పి పట్టుకుంటే ఎంత పెద్ద కెమేరాకైనా దుమ్ము పడకమానదు. కనుక ఏది కొన్నా...

1. లెన్సు ఇంట్లోనే మార్చాలి. ఫ్యాను ఆపి, కెమేరా ఆపి, నోరు కిందికి వంచి చక చకా మార్చాలి.

2. సెన్సరు మీద నోటితో ఊదకూడదు, తుంపరలు పడతాయి. మెడికల్ షాపులో దొరికే రబ్బరు బుడ్డి లాంటి బ్లోయరుతో ఊదాలి. పోకపోతే మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళాలి.

3. లెన్సు తుడవడానికి చీరకొంగు పనికిరాదు. బొగ్గు రవ్వ ఒక్కటున్నా గీత పడుతుంది.

4. వానాకాలంలో లెన్సుకి బూజు పడుతుంది. బీరువాలో బట్టల మధ్య పెట్టకండి. గాలి చొరని మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి.

5. నాన్నతోపాటు బాయి దగ్గర ఫోటోలు తీస్తానని పిల్లలు ముచ్చటపడితే అనుమతి లేనిదే వద్దనండి. భూగర్భ గనిలో గ్యాసు ఉండవచ్చు. అక్కడ అనుమతి లేని బ్యాటరీ వస్తువు ప్రమాదం.

బతుకుతెరువు కోసమైతే?

ఇక్కడ లెక్క మారుతుంది. అబ్బాయి పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి నిలదొక్కుకోవాలనుకుంటే మొదటి మెట్టు కెమేరా ఒక్కటే సరిపోదు. కారణం మెగాపిక్సెల్ కాదు, కార్డు! డి3500లో ఒక్క కార్డే పడుతుంది. అది చెడిపోతే? తాళి కట్టే క్షణం రెండోసారి రాదు కదా! డి850లో రెండు కార్డులు పడతాయి. ప్రతి ఫోటో రెంటిలోనూ చేరేట్టు పెట్టుకోవచ్చు.

అలాగని మొదటి రోజే లక్షలు పెట్టక్కర్లేదు. రెంటికీ నడుమ 2015లో వచ్చిన నికాన్ డి7200 లాంటి కెమేరాలున్నాయి. దానికీ 24.2 మెగాపిక్సెలే. కానీ రెండు కార్డులు, 51 ఫోకస్ బిందువులు, లోపలే ఫోకస్ మోటారు ఉన్నాయి. నాలుగు పెళ్ళిళ్ళు చేశాక వచ్చిన సంపాదనతో అక్క దగ్గరికి వెళ్ళొచ్చు. పైగా డి850కి తగిన 24-70 లెన్సు ఒకటి తగిలిస్తే మొత్తం రెండు కిలోల పైనే బరువు. దాన్ని తెల్లవార్లూ మెడలో మోసే ఓపిక ఉండాలి.

అమ్మాయి ఈ పనికి ముందుకొస్తే మాత్రం "ఆడపిల్లకెందుకు" అనకండి. మన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఘోషా స్త్రీల కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. ఈనాటికీ ఓణీల ఫంక్షన్, సీమంతం, మెహందీ లాంటి వేడుకల్లో ఆడవాళ్ళు బిడియం లేకుండా నవ్వేది ఆడపిల్ల కెమేరా ముందే.

పాతది కొనేటప్పుడు

2020 తర్వాత నికాన్, కెనాన్ కంపెనీలు కొత్త రకం డి.ఎస్.ఎల్.ఆర్. తేలేదు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమేరాల వైపు మళ్ళాయి. డి3500 తయారీ కూడా ఆగిపోయింది. అందుకే మార్కెట్లో వాడిన కెమేరాలు బాగా దొరుకుతున్నాయి. బండికి కిలోమీటర్లు చూసినట్టే దీనికి 'షట్టర్ కౌంట్' చూడాలి. డి850ని 2 లక్షల క్లిక్కులకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. పెళ్ళికి 2 వేల క్లిక్కులనుకుంటే 100 పెళ్ళిళ్ళు. సగానికి పైగా తిరిగిందైతే ధర కూడా అలాగే అడగండి.

లెన్సు అంకె 16 దగ్గర పెట్టి తెల్లగోడ ఫోటో తీయించండి. నల్లచుక్కలుంటే దుమ్ము ఉన్నట్టే. లెన్సును దీపానికెదురుగా పట్టి చూడండి. లోపల సాలెగూడులా కనిపిస్తే బూజు, వద్దనేయండి. బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు. బిల్లు మీద నంబరూ కెమేరా మీద నంబరూ ఒకటేనా అని చూడండి. బిల్లు లేకుండా సగం ధరకిస్తామన్నా ముట్టుకోవద్దు.

ఇక చివరగా, డబ్బు తీసే ముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఫోటోలు ఇంటికోసమా, సంపాదనకా? ఎక్కువగా తీసేది పగలా, రాత్రా? లెన్సుకి, కార్డుకి, సంచికి డబ్బు మిగులుతుందా? జవాబు 'ఇంటికోసం' అయితే చిన్న కెమేరాతోపాటు మంచి లెన్సు తీసుకోండి. 'సంపాదనకి' అయితే రెండు కార్డుల కెమేరా. ఏదీ తేలకపోతే ఈ దసరాకి ఆగండి. పిల్లవాణ్ణి నెల రోజులు ఏదైనా స్టూడియోలో సాయంగా ఉండమనండి. నెల తర్వాత కూడా "అమ్మా, కెమేరా" అన్నాడంటే అప్పుడు కొనిపెట్టండి. కొన్నాక మాత్రం వాళ్ళని తియ్యి, వీళ్ళని తియ్యి అంటూ పక్కకి తప్పుకోకండి. ఏ ఇంటి ఆల్బంలో చూసినా తక్కువగా కనిపించేది అమ్మే. మొదటి ఫోటో మీదే తీయించుకోండి!