ఆరడుగుల చెక్కకు అటూ ఇటూ

మేముండే ఫ్రిస్కోలో, టెక్సస్‌లోని చాలా శివారు ఊళ్లలో లాగే, ఇంటి ముందు భాగానికి ఏ మరుగూ ఉండదు. పచ్చిక రోడ్డు దాకా పరుచుకుని ఉంటుంది. మనది ఎక్కడ ఆగిందో, పక్కవాళ్లది ఎక్కడ మొదలైందో గడ్డి కోసిన తేడాను బట్టే తెలియాలి. అదే ఇంటి వెనక్కి వెళ్తే మూడు పక్కలా ఆరడుగుల సీడర్ చెక్క ఫెన్స్. అవతల కుక్క మొరిగితే వినపడుతుంది గానీ మనిషి జాడ తెలియదు. తెనాలి దగ్గర పల్లెలో పుట్టిన నాకు వచ్చిన కొత్తలో ఇదంతా తిరగేసినట్టు అనిపించేది. మా ఊళ్లో వీధి వైపు ప్రహరీ, గేటు, గొళ్లెం. పెరటి వైపు తాటాకు దడి, ఆ దడికి ఒకచోట మనిషి పట్టేంత కంత. పిల్లలూ, కోడిపెట్టలూ, కూర గిన్నెలూ అన్నీ అందులోంచే రాకపోకలు సాగించేవి.

ఇక్కడి పద్ధతికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1870లో ఫ్రాంక్ స్కాట్ అనే ఆయన శివారు ఇళ్ల ఆవరణను ఎలా తీర్చిదిద్దుకోవాలో చెబుతూ పెద్ద పుస్తకం రాశాడు. ఇంటి ముందున్న పచ్చదనాన్ని పక్కవాళ్ల కంటబడకుండా కంచెతో మూసేయడం ఇరుగుపొరుగు ధర్మం కాదని ఆయన వాదన. ముందు భాగాలన్నీ కలిసి ఒకే తోటలా కనిపించాలన్న కోరిక అమెరికాలో అలా వేళ్లూనుకుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947 నుంచి, న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కంపెనీ వేల ఇళ్లు కట్టి లెవిట్‌టౌన్‌ను నిలబెట్టింది. అక్కడ కంచెలు వేయకూడదని ఇంటి ఒప్పందంలోనే షరతు. తెల్లవాళ్లు కానివాళ్లు ఆ ఇళ్లలో కాపురం ఉండకూడదని కూడా తొలి ఒప్పందాల్లో రాసి ఉంది. కంచెలు లేని ఆ పచ్చిక ఫొటోలు ఎంత అందంగా ఉన్నా, చూసినప్పుడల్లా నాకు ఆ రెండో షరతే ముందు గుర్తొస్తుంది. మాలాంటి ఒంటిరంగు వాళ్లను ఆపడానికి అక్కడ చెక్క అక్కర్లేకపోయింది.

తర్వాత ఏసీలు, టీవీలు, కార్లు వచ్చి జనం వీధి అరుగు మీద కూర్చోవడం మానేశారు. సాయంత్రాలు వెనక పాటియో మీదికి మారాయి. దాంతో కంచె కూడా వెనక్కి వెళ్లి ఎత్తు పెరిగింది. ఈత కొలను ఉన్న ఇంటికైతే అది ఇష్టాయిష్టాల సంగతి కాదు. పసిపిల్లలు పడిపోకుండా కనీసం నాలుగడుగుల అడ్డు, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉండాలని నిబంధనలు సాధారణంగా అడుగుతాయి.

"నా ఫెన్స్ లోపల నా ఇష్టం" అని మనవాళ్లు ధీమాగా అంటుంటారు. చెక్క ఇచ్చే మరుగు చట్టం దగ్గర ఎంత పలచనో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో 1982లో జరిగిన ఒక సంగతి చెబుతుంది. సిరాలో అనే అతను పెరట్లో గంజాయి మొక్కలు పెంచాడు. చుట్టూ ఆరడుగుల కంచె, దాని లోపల పదడుగుల కంచె. కింద నుంచి ఏమీ కనపడకపోయేసరికి పోలీసులు చిన్న విమానం ఎక్కి వెయ్యి అడుగుల ఎత్తు నుంచి చూశారు. వారంటు లేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆకాశంలో వెళ్లే ఎవరికైనా కనిపించేదాన్ని పోలీసులు చూస్తే తప్పు లేదని 1986లో అయిదుగురు జడ్జీలు అన్నారు, నలుగురు కాదన్నారు. నేను ఆ నలుగురి పక్షం. గంజాయి పెంచడం సమర్థించదగ్గ పని కాదు. కానీ రెండు కంచెలు కట్టుకున్న మనిషి తనను చూడవద్దని అంతకంటే గట్టిగా ఇంకెలా చెబుతాడు?

పోలీసుల సంగతి అలా ఉంచితే, పక్కింటివాడు కక్ష కడితే అదే కంచె ఆయుధమవుతుంది. 1870ల్లో శాన్ ఫ్రాన్సిస్కో నాబ్ హిల్ మీద రైల్వే కోటీశ్వరుడు చార్లెస్ క్రాకర్ భవనం కట్టుకుంటూ ఆ చదరంలోని స్థలాలన్నీ కొనేశాడు. నికొలస్ యంగ్ అనే శవపేటికల వ్యాపారి ఒక్కడే తన చిన్న ఇల్లు అమ్మనన్నాడు. క్రాకర్ ఆ ఇంటికి మూడు పక్కలా నలభై అడుగుల ఎత్తున చెక్క గోడ లేపి ఎండా గాలీ రాకుండా చేశాడు. యంగ్ వారసులు 1904లో స్థలం అమ్మాకే ఆ గొడవ తీరింది. ఇప్పుడు అక్కడ గ్రేస్ కెథెడ్రల్ ఉంది. కక్షతో పదడుగులకు మించి లేపిన కంచెను కాలిఫోర్నియా చట్టం ఇప్పుడు ఒప్పుకోదు. పైగా 2014 నుంచి అక్కడ, ఎక్కువ సందర్భాల్లో, సరిహద్దు కంచె ఖర్చు ఇద్దరూ సమానంగా భరించాలి. పని మొదలెట్టే ముందు పక్కవాళ్లకు ముప్ఫై రోజుల గడువుతో రాతపూర్వకంగా తెలపాలి. మా టెక్సస్‌లో ఇళ్ల మధ్య ఫెన్స్ ఖర్చు పంచుకోమని చెప్పే రాష్ట్ర చట్టం లేదు. మాట్లాడుకుంటేనే పని జరుగుతుంది.

మనవైపు కూడా ఈ ప్రశ్న పాతదే. మొదటి నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఒక ఉదాహరణ ఉంది: ఊరి ఆచారం అలా ఉంటే, పక్కింటి మరుగు చెడేలా ఎవరూ కొత్త కిటికీ తెరవకూడదు. తమ ఆడవాళ్లు మసలే చోటికి పక్కింటి కొత్త వసారా, తలుపులు చూస్తున్నాయన్న దావాలో 1888లో అలహాబాద్ హైకోర్టు ఈ ఆచారాన్ని గుర్తించింది. అక్కడ కాపాడింది పరదా మర్యాదను, ఆ ఆడవాళ్ల ఇష్టాన్ని కాదు. ఆ తేడా నాకు అనుభవమే. మా పెరటి దడి కంతలోంచి కూర గిన్నెతో పాటు కళ్లు కూడా వచ్చేవి. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఏ ఊరు ప్రయాణమని అడిగేవాళ్లు. లోపలి బట్టలు తువ్వాలు కింద ఆరేసేవాళ్లం. పెళ్లై ఇక్కడికి వచ్చాక, పెరట్లో ఒక్కదాన్నే కూర్చుని ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేని మధ్యాహ్నాలు ఈ ఆరడుగుల చెక్కే నాకు ఇచ్చింది. అందుకే ఫెన్స్‌లు తీసేయమని నేను ఎప్పటికీ అనను.

కానీ మా అత్తయ్యగారు వచ్చినప్పుడు దాని రెండో ముఖం చూశాను. డ్రైవింగు రాదు, ఇంగ్లీషు రాదు. పగలంతా మేం ఆఫీసుల్లో ఉంటే ఆవిడ వెనక మడిలో సొరపాదుకి నీళ్లు పోస్తూ గడిపేవారు. "ఇదేందమ్మా, పక్కింట్లో మనుషులున్నారా లేరా? వచ్చిన కాడి నుంచీ కుక్క గొంతు తప్ప వినలా" అన్నారు ఒక రాత్రి అన్నం దగ్గర. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో ఆర్నెల్ల వీసా మీద వచ్చే అమ్మానాన్నల్లో ఎంతమంది పగళ్లు ఇలాగే గడుస్తున్నాయో. ఈ సంగతి మనం తగినంతగా మాట్లాడుకోవడం లేదు.

ఆ వసంతంలో గాలివాన మా కుడిపక్క ఫెన్స్‌ను పడగొట్టింది. మా నేల నల్లరేగడి. మన దక్కన్ రేగడి లాంటిదే, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఏటా జరిగే ఆ కదలికకు గుంజలు ఒరుగుతాయి, చెక్క గుంజలైతే మొదలు దగ్గర కుళ్లుతాయి కూడా. ఇన్సూరెన్సు నుంచి పైసా రాలేదు, నష్టం డిడక్టిబుల్ దాటలేదు. పక్కింటాయన రిటైరైన అమెరికన్. పడిపోయిన పలకల మీద నుంచి నడుచుకుంటూ వచ్చి అత్తయ్యగారికి నమస్కారం పెట్టాడు. సొరకాయ చూసి ఇదేమిటని అడిగాడు. ఆవిడ ఒకటి కోసి చేతిలో పెట్టారు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి అటూ ఇటూ నడిచేది.

కొత్తది కట్టేటప్పుడు ఆ కాస్త దూరం ఫెన్స్ వద్దని నాకు అనిపించింది. ఆయన భార్య కుదరదన్నారు. తెల్లవారుజామున నైటీలో పాటియో మీద కాఫీ తాగే అలవాటు ఆవిడది. దానికి తోడు కంచె దూకే కుక్క ఒకటి. ఆవిడ మాట న్యాయమైంది, నేను కోరుకునే మధ్యాహ్నమే ఆవిడా కోరుకుంటున్నారు. నలుగురం కూర్చుని ఇల్లు కొన్నప్పటి సర్వే కాగితం ముందేసుకున్నాం. పాటియో వెంబడి ఆరడుగుల బోర్డ్-ఆన్-బోర్డ్, అంటే పలక అంచు మీద పలక అంచు ఎక్కేలా కొట్టడం. పక్కపక్కనే కొడితే మొదటి ఎండాకాలానికే చెక్క ఆరి సందులు తేలతాయి. గుంజలు ఇనుపవి. చివర, వాళ్ల షెడ్డు వెనకాల, మా కూరమడి పక్కన రెండు గుంజల మధ్య ఎనిమిదడుగుల మేర మాత్రం నాలుగడుగులే. అక్కడి నుంచి పాటియో కనపడదు. కుక్క కోసం షెడ్డు పక్కన వాళ్లే చిన్న గేటు పెట్టుకున్నారు. ఇళ్ల యజమానుల సంఘానికి, అంటే హెచ్‌ఓఏకి, బొమ్మ గీసి, రెండిళ్ల సంతకాలతో పంపితే ఒప్పుకున్నారు. ఖర్చు నాలుగువేల డాలర్లు దాటింది, చెరిసగం పెట్టుకున్నాం.

ఎవరైనా కట్టబోతుంటే రెండు మాటలు. గుంజకి గుంట తీసే ముందు 811కి ఫోన్ చేయండి. ఉచితంగా వచ్చి నేల మీద గ్యాసుకి పసుపు, కరెంటుకి ఎరుపు, నీటికి నీలం గుర్తులు పెట్టి వెళ్తారు. ఖర్చు, ఎత్తు, గుంజలు కనపడని నునుపు వైపు ఎవరిదన్నది ఒక ఈమెయిల్లో రాసి ఉంచుకోండి. పక్కవాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయినా ఆ కాగితం మిగులుతుంది.

వెనకింటి వాళ్ల సంగతి ఇంకా తేలలేదు. వాళ్లు కరీంనగర్ వాళ్లు. "అక్కా, మీ పై కిటికీలకెల్లి మా కిచెనంతా కనిపిస్తది, ఫెన్స్ ఎనిమిది ఫీట్లు చేద్దాం" అంది ఆ అమ్మాయి. ఆ బాధ నిజమే. కానీ పై అంతస్తులో నిలబడ్డ మనిషి కన్ను పదిహేనడుగుల ఎత్తున ఉంటుంది. రెండడుగులు పెంచితే కంచెకి ఆనుకుని ఉన్న జాగా మరుగవుతుందేమో గానీ దూరంగా ఉన్న వంటగది కాదు. వాళ్ల కిటికీకి దగ్గరగా ఏడాది పొడుగునా ఆకు రాలని నెల్లీ స్టీవెన్స్ హాలీ మొక్కలు వేస్తే ఆ పని అవుతుంది. క్రేప్ మర్టిల్ వేస్తే చలికాలంలో బోడిగా నిలబడుతుంది. మొక్కలు ఎదిగే దాకా మా కిటికీ కింది సగానికి మసక ఫిల్మ్ అంటించాం. చూపు మా వైపు నుంచి వెళ్తున్నప్పుడు ముందు కదలాల్సింది మేమే. ఎనిమిదడుగుల దరఖాస్తు వాళ్లింకా వెనక్కి తీసుకోలేదు. ఆదివారం టీకి రమ్మన్నాం. వాళ్లమ్మగారు కూడా వచ్చి ఉన్నారట, ఆవిణ్ని ముందుగా రమ్మని అత్తయ్యగారు విడిగా కబురు పంపారు.