బొమ్మ పక్కన చీటీ



మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు హైదరాబాదు పోయి ఉంటారు. చార్మినార్ చూసి ఉంటారు. గాజులు కొనుక్కుని ఉంటారు. కొందరు సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూసి ఉంటారు. మ్యూజియం అంటే అపురూపమైన వస్తువులను అందరూ చూడడానికి భద్రంగా పెట్టిన చోటు.

అక్కడ బొమ్మల పక్కన, వస్తువుల పక్కన చిన్న చిన్న చీటీలు ఉంటాయి. అక్షరాలు రానప్పుడు మనం వాటిని పట్టించుకోలేదు. "అబ్బ, ఎంత బాగుందో!" అనుకుని ముందుకు నడిచాం. ఇప్పుడు మనకు చదవడం వచ్చింది. ఈసారి చీటీ దగ్గర ఆగుదాం. అది ఏం చెబుతుందో చూద్దాం. ఏం చెప్పదో కూడా చూద్దాం.

ఇవన్నీ ఎవరివి?

సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ నది ఒడ్డున, నయాపూల్ దగ్గర ఉంది. అందులో వస్తువులు చాలా వరకు ఒక్క మనిషి కూడబెట్టినవి. ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన్ని మూడో సాలార్‌జంగ్ అంటారు. 1889లో పుట్టాడు. 1912లో నిజాం నవాబు దగ్గర దివాను అయ్యాడు. దివాను అంటే పెద్ద మంత్రి. 1914లో ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. దేశదేశాల నుంచి వస్తువులు కొని తెప్పించడమే ఆయనకు ఇష్టమైన పని. 1949లో చనిపోయాడు.

1951 డిసెంబరు 16న ఆయన ఇంట్లోనే మ్యూజియం తెరిచారు. అప్పటి ప్రధానమంత్రి నెహ్రూ వచ్చి ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని దేశానికి ముఖ్యమైన సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. సుమారు 43 వేల వస్తువులు ఉన్నాయి. ఒకప్పుడు అవి ఒక్క ఇంటివి. ఇప్పుడు అందరివీ. అంటే మనవి కూడా.

ముసుగు వేసుకున్న రెబెకా

ఈ మ్యూజియంలో అందరూ ఆగి చూసే బొమ్మ రెబెకా. తెల్లని పాలరాతి బొమ్మ. ఒక పడుచు పిల్ల తల మీద నుంచి మేలిముసుగు వేసుకుని నిలబడి ఉంటుంది. ముసుగు లోపల నుంచి ఆమె కళ్లు, ముక్కు, పెదవులు కనిపిస్తాయి. తడిసిన పలచని గుడ్డ ముఖానికి అంటుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. కానీ అది గుడ్డ కాదు. ముఖమూ రాయే, ముసుగూ రాయే. అంతా ఒకే రాయి.

రెబెకా కథ క్రైస్తవుల, యూదుల పవిత్ర గ్రంథంలో ఉంది. ఆమె పెళ్లికూతురు. ఒంటె మీద చాలా దూరం ప్రయాణం చేసి వచ్చింది. పెళ్లికొడుకు ఇస్సాకు ఎదురుగా వస్తుంటే చూసి, సిగ్గుపడి ముసుగు కప్పుకుంది. శిల్పి చెక్కింది ఆ ముసుగునే.

శిల్పి పేరు బెంజోనీ. ఇటలీ దేశం వాడు. మూడో సాలార్‌జంగ్ తాతగారు మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నగరం పోయినప్పుడు ఈ బొమ్మను కొన్నాడు.

ముందు మగవాడు, వెనుక ఆడపిల్ల

ఇంకొక బొమ్మ చెక్కతో చేసింది. ముందు నుంచి చూస్తే ఒక మగవాడు. మొహం నిండా గర్వం. వెనుక పెద్ద అద్దం పెట్టారు. అద్దంలోకి చూడండి. అక్కడ తల వంచుకుని నిలబడిన ఆడపిల్ల కనిపిస్తుంది. ఒకే దుంగకు ముందు వైపు అతను, వెనుక వైపు ఆమె.

ఇది జర్మనీ దేశపు కథ. అతను మెఫిస్టోఫిలిస్ అనే సైతాను. ఆమె మార్గరెట్టా, మోసపోయిన అమాయకురాలు. మంచీ చెడూ పక్కపక్కనే ఉంటాయని ఈ బొమ్మను చూసి కొందరు అంటారు. మీకు ఏమనిపిస్తుందో మీరే చూసి చెప్పండి. ఇంత గొప్ప బొమ్మను చెక్కిన మనిషి ఎవరో మాత్రం తెలియదు. పేరు మిగలలేదు.

గంట కొట్టే గడ్డం మనిషి

మ్యూజియంలో ఒక పెద్ద గడియారం ఉంది. దాని చుట్టూ ఎప్పుడూ జనమే. అందులో ఒక చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో కొడుతూనే ఉంటుంది. ప్రతి గంటకూ చిన్న తలుపు తెరుచుకుంటుంది. గడ్డం ఉన్న మనిషి బొమ్మ బయటికి వస్తుంది. ఎన్ని గంటలయితే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. మధ్యాహ్నం 12 గంటలకు 12 దెబ్బలు. అవి లెక్కపెట్టడానికి పిల్లలతో పాటు పెద్దలూ కూర్చుంటారు.

ఈ గడియారం కుక్ అండ్ కెల్వీ అనే కంపెనీది. కంపెనీ పేరు మనకు తెలుసు. ఆ చిన్న చిన్న చక్రాలు బిగించిన పనివాళ్ల పేర్లు తెలియవు.

కరక్కాయ, బెల్లం, తుప్పు

ఇప్పుడు మన పక్క వస్తువులు చూద్దాం. బట్టలు పెట్టిన చోట కలంకారీ గుడ్డలు ఉంటాయి. కలం అంటే రాసే పుల్ల. కారీ అంటే పని. శ్రీకాళహస్తిలో ఈ పని ఇప్పటికీ చేస్తారు.

కలంకారీ ఎట్లా చేస్తారు? ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాలు పట్టించడం వల్ల రంగు పక్కకు పాకదు. వెదురు పుల్లకు గుడ్డ పీలికలో, ఉన్నో చుట్టి, దాన్ని రంగులో ముంచి బొమ్మలు గీస్తారు. నలుపు రంగు దేనితో? తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే వస్తుంది. ఎరుపు కావాలంటే ముందు పటిక నీళ్లతో గీయాలి. తర్వాత రంగు ఇచ్చే వేళ్లతో కలిపి ఉడకబెట్టాలి. పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది. మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకాలి.

కరక్కాయ, బెల్లం, పటిక మన ఇళ్లలో ఉండేవే. వాటితోనే ఇంత అందం పుట్టింది.

బిదరీ పని కూడా చూడండి. నల్లటి హుక్కా కుండలు, పళ్లేలు, వాటి మీద తెల్లగా మెరిసే వెండి పూలు. జింకు ఎక్కువ, రాగి కొంచెం కలిపి వస్తువు పోత పోస్తారు. దాని మీద సన్నటి గాళ్లు చెక్కి, వాటిలో వెండి తీగ కొడతారు. చివర బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపి పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది.

చీటీ చెప్పేది, చెప్పనిది

చీటీలో సాధారణంగా నాలుగు సంగతులు ఉంటాయి. వస్తువు పేరు. ఏ ఊరిదో, ఏ దేశానిదో. దేనితో చేశారో. ఎప్పుడు చేశారో. కాలాన్ని శతాబ్దాలలో రాస్తారు. శతాబ్దం అంటే 100 సంవత్సరాలు. 19వ శతాబ్దం అని ఉంటే 1801 నుంచి 1900 దాకా అని లెక్క. చీటీలో తెలుగు లేకపోతే అంకెలు చదవండి. మిగతాది అక్కడి ఉద్యోగిని అడగండి. అడగడం తప్పు కాదు.

ఇప్పుడు ఐదో సంగతి వెతకండి. ఎవరు చేశారు? రెబెకాకు బెంజోనీ పేరు ఉంది. చాలా పాత గుడ్డలకు, గిన్నెలకు ఆ పేరు దొరకదు. కొన్నవారి పేరు తెలుసు. వాడిన నవాబు పేరు తెలుసు. నూలు వడికిన ఆమె ఎవరు? రంగు ఉడకబెట్టిన ఆమె ఎవరు? తెలియదు. వాళ్లకు అక్షరాలు రాకపోయి ఉండవచ్చు. వచ్చినా, నీ పేరు రాయమని ఎవరూ అడిగి ఉండకపోవచ్చు.

మనం కూడా బొంతలు కుడతాం. చాపలు అల్లుతాం. చీరకు పూలు కుడతాం. గోడకు ముగ్గులు వేస్తాం. ఇవి మ్యూజియంలోకి పోతాయో పోవో చెప్పలేం. కానీ మన మనవరాలు ఆ బొంతను పెట్టెలో నుంచి తీసి, "ఇది ఎవరు కుట్టారు?" అని అడిగే రోజు తప్పకుండా వస్తుంది.

అందుకే ఈసారి బొంత కుట్టినప్పుడు ఒక మూలన రంగు దారంతో మీ పేరు కుట్టండి. ఊరి పేరు కుట్టండి. సంవత్సరం అంకెలు కుట్టండి. మీ బొంతకు అదే చీటీ.

మ్యూజియానికి పోయేవారు గుర్తుంచుకోండి

శుక్రవారం సెలవు. లోపలికి టికెట్ కొనుక్కోవాలి. వస్తువులను ముట్టుకోకూడదు. ఒక్క రోజులో అన్నీ చూడలేం. తొందర పడకుండా నాలుగైదు గదులు చూడండి. అప్పుడప్పుడు కొత్త ప్రదర్శనలు పెడతారు. గేటు దగ్గర బోర్డు ఉంటే చదవండి.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో చేతిపని చేసేవాళ్లు ఎవరెవరు? వాళ్ల పేర్లు పలక మీద రాయండి.
2. మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ఏది? దాన్ని చేసింది ఎవరో పెద్దవాళ్లను అడగండి.
3. ఆ వస్తువుకు ఒక చీటీ రాయండి. ఐదో సంగతి మరిచిపోకండి.